ప్రాణనష్టం లేదంటే సరిపోతుందా?

గోదావరి మొగల దగ్గర తుఫాను తీరం దాటిన మర్నాడు ప్రతిసారీ ఒకే మాట వింటున్నాం. హెచ్చరికలు ముందే అందాయి, లోతట్టు ఊళ్ల జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించాం, ప్రాణనష్టం దాదాపు లేదు, గండం గడిచింది. ప్రభుత్వాలు మారినా ఈ ప్రకటన మారదు. పత్రికలు దాన్నే పతాక శీర్షిక చేస్తాయి. చదువుకున్నవాళ్లు కూడా నమ్మేస్తున్నారు. ఉపగ్రహాలున్నాయి, మచిలీపట్నంలోను విశాఖలోను డాప్లర్ రాడార్లున్నాయి, చేతిలో ఫోనుకే సందేశం వస్తోంది, ఇంక తుఫాను మనకు తీరిపోయిన సమస్యే అని. ఈ నమ్మకం తప్పని నా వాదన. డెల్టాలో బతికేవాళ్లకు దీనివల్ల ప్రతి ఏడాదీ నష్టం జరుగుతోంది కాబట్టి ఇది ఊరుకోదగిన తప్పు కూడా కాదు.

ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకుందాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు పదివేల మంది పైగా పోయారు. 1990 మేలో కృష్ణా, గోదావరి డెల్టాల మీదికి అంతటి ఉధృతితోనే తుఫాను వచ్చింది. అప్పటికి లక్షల మందిని ముందే తరలించగలిగారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఆ తర్వాత తుఫాను షెల్టర్లు పెరిగాయి, అంచనాలు మెరుగుపడ్డాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు అది ఎక్కడికి వస్తుందో జనానికి రోజుల ముందే తెలుసు. వాతావరణ శాఖ శాస్త్రవేత్తలకు, రాత్రంతా వానలో తిరిగిన వీఆర్వోలకు, లైన్‌మన్లకు ఈ ఘనత దక్కాల్సిందే. వాళ్ల కష్టాన్ని తక్కువ చేసే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు.

పేచీ ‘గండం గడిచింది’ అనే ఆ తర్వాతి వాక్యంతోనే. చనిపోయినవారి సంఖ్య ఒక్కటే కొలబద్ద అయితే, ప్రభుత్వ యంత్రాంగం మొత్తం తీరం దాటే ఆ పది, పన్నెండు గంటల చుట్టూనే తిరుగుతుంది. గాలి ఆగగానే కంట్రోల్ రూమ్ మూసేస్తారు. డెల్టాలో నష్టంలో పెద్దభాగం మాత్రం గాలి ఆగిన తర్వాతే జరుగుతుంది. నీళ్లు చేలల్లోంచి కదలవు. పరిహారం జాబితాలో సాగు చేసినవాడి పేరుండదు. మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు ఇక కాయదు. వీటిలో ఏదీ మరణాల పట్టికలో కనపడదు.

ఈ నమ్మకానికి తోడుగా ఇంకొక మాట చాలాకాలంగా చలామణిలో ఉంది. పోయినవాళ్లు చెబితే వినకపోబట్టే పోయారన్నది ఆ మాట. 1996 కోనసీమ తుఫాను గురించి ఇవాళ్టికీ అంటూనే ఉంటారు. దాన్ని సూటిగా ఖండించాలి.

ఆ ఏడాది నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. రాత్రి కాకినాడకు దక్షిణంగా సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో తుఫాను తీరం దాటింది. సముద్రంలో చాలా త్వరగా బలపడిన తుఫాను అది. ప్రభుత్వ లెక్కలోనే వెయ్యి మంది పైగా చనిపోయారు, ఇంకా వందల మంది గల్లంతయ్యారు. గౌతమి పాయ సముద్రంలో కలిసే ప్రాంతంలోని భైరవపాలెం, బలుసుతిప్ప ఊళ్ల పేర్లు దేశమంతటికీ తెలిసింది అప్పుడే. పోయినవాళ్లలో అధికులు మత్స్యకారులు. ఎందుకు పోయారు? చాలామంది అప్పటికే సముద్రం మీద ఉన్నారు. చాలా బోట్లలో వైర్‌లెస్ సెట్లు లేవు. రేడియోలో ఎన్నిసార్లు చెప్పినా, ఒడ్డున ఎన్ని జెండాలు ఎగరేసినా నడిసముద్రంలో వల వేసినవాడికి అవి ఎలా చేరతాయి?

ఇంకా కొందరు సముద్రపు ఒడ్డునే ఉన్నారు. అవి రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగిపోతున్న రోజులు. చెరువుల్లో వేయడానికి టైగర్ రొయ్య పిల్లలు కావాలి. హేచరీలు చాలవు. సముద్రపు అంచుల్లో, ఉప్పుటేర్లలో సన్నకన్ను వలలతో పిల్లల్ని పట్టి అమ్మితే రోజు గడిచేది. అందుకని పేద కుటుంబాలు ఆడవాళ్లతో, పిల్లలతో సహా మొగల దగ్గర తాటాకు పాకలు వేసుకుని ఉండేవి. వాళ్లను అక్కడికి చేర్చింది చెరువు యజమానులకు, ఎగుమతిదారులకు లాభాలు పండించిన వ్యాపారం. ఆ వ్యాపారపు అంచున, ఉప్పెనకు ఎదురుగా నిలబడింది మాత్రం పేదవాళ్లు. వాళ్లు చెప్పిన మాట వినలేదని నేరం మోపడం అన్యాయం. వినడానికి సాధనం లేనివాళ్లు, విన్నా ఆ పూట సంపాదన వదులుకోలేనివాళ్లు పోయారన్నదే నిజం.

ఈ రెండో కారణం ఇవాళ కూడా పోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపలు గుడ్లుపెట్టే కాలమని వేట ఆపితే మత్స్యకారుడికి భృతి వస్తుంది. తుఫాను హెచ్చరికతో వేట ఆపిన రోజులకు అలాంటి ఖాయమైన హక్కు లేదు. బియ్యం, సరుకులు ఇస్తున్నారు, మంచిదే. అది అప్పటికప్పుడు ఇచ్చే సాయం. ఆ కూలి నాకు రావాలి అని అడగగలిగే స్థితి వేరు. హెచ్చరిక జెండా ఎగిరిన ప్రతి రోజుకూ భృతి ఇస్తే ఎవరూ బోటు తీయరు. అలా చేయకుండా వినలేదని నిందించే అర్హత మనకు లేదు. గల్లంతైనవాళ్ల కుటుంబాల పరిస్థితి ఇంకా ఘోరం. శవం దొరక్కపోతే మనిషి చనిపోయినట్టు సాధారణ చట్టం భావించడానికి ఏడేళ్లు కావాలి. ప్రభుత్వం ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప ఆ ఇల్లాలు ఏ కాగితం మీదా వితంతువు కాదు.

ఇప్పుడు నీళ్ల సంగతికి వద్దాం. నా దృష్టిలో అసలు విషయం ఇదే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి డెల్టా గురించి మాట్లాడే ప్రతివారూ నీళ్లు ఎలా వచ్చాయో చెబుతారు. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు అరుదు. వచ్చిన నీళ్లు ఎలా పోవాలో మాట్లాడేవాళ్లు తక్కువ. ప్రతి పంటకాలువకూ దిగువన ఒక మురుగు కాలువ ఉండాలి. చేలోని నీరు బోదెలోకి, బోదె నుంచి చిన్న డ్రెయిన్లోకి, అక్కడి నుంచి కౌశిక, తుల్యభాగ, పశ్చిమాన యనమదుర్రు లాంటి పెద్ద డ్రెయిన్లలోకి, చివరికి సముద్రంలోకి పోవాలి. కోనసీమ దక్షిణపు అంచున నేల సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తు మాత్రమే. వాలు అతి స్వల్పం. సముద్రం పోటు మీద ఉంటే నీరు కదలదు, పాటు మీద ఉన్న కొద్ది గంటల్లోనే పోవాలి. ఆ కొద్ది గంటల్లో మొగ తెరుచుకుని ఉండాలి, డ్రెయిను అడుగు లోతుగా ఉండాలి, నీటికి అడ్డం ఉండకూడదు.

మరి ఏముంది అక్కడ? మొగ దగ్గర ఇసుక మేట. స్లూయిస్ గేట్లు తుప్పుపట్టి, పోటులో ఉప్పునీరు ఎదురెక్కి కొబ్బరి వేళ్లను చంపుతోంది. శంకరగుప్తం డ్రెయిను పొడవునా మొవ్వు ఎండిన తోటలు చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. పైన మైళ్ల పొడవున గుర్రపుడెక్క, తూడు. గట్లను తొలుచుకుని జరిగిన రొయ్యల చెరువులు. వంతెన కింద కూరుకుపోయిన చెత్త. ఇలాంటి కాలువ మీద ఇరవై సెంటీమీటర్ల వాన పడితే, గాలి ఎంత మెల్లగా వీచినా చేను మునుగుతుంది. 2012లో నీలం తుఫాను ఎక్కడో తమిళనాడులో మహాబలిపురం దగ్గర తీరం దాటింది. ఆ తర్వాతి రోజుల్లో కురిసిన వానకు గోదావరి జిల్లాల వరి చేలు నీళ్లలో కుళ్లాయి. తీరం దాటిన చోటుకీ పంట పోయిన చోటుకీ మధ్య వందల కిలోమీటర్లు. ఏ రాడార్ ఆ నీటిని తోడగలదు?

ఇది ఎవరికీ తెలియని విషయమైతే అజ్ఞానం అని సరిపెట్టుకోవచ్చు. 1960లలోనే డెల్టా ముంపు మీద మిత్రా కమిటీ కూర్చుంది, డ్రెయిన్లను వెడల్పు చేయమంది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. మురుగు కాలువల కోసమని డెల్టా రైతు తన భూమి మీద ప్రత్యేకంగా పన్ను కట్టాడు. 1996 విధ్వంసం తర్వాత 1997లో ప్రపంచబ్యాంకు అప్పుతో పెద్ద పథకం వచ్చింది, అందులోనూ డ్రెయిన్లున్నాయి. నివేదిక ఉంది, పన్ను ఉంది, అప్పు ఉంది. లేనిది నిర్వహణ. ఒకసారి తవ్విన కాలువను ఏటేటా శుభ్రం చేయకపోతే ఐదారేళ్లలో అది మళ్లీ మొదటికే వస్తుంది. ఆ పనికి నిధులు వేసవి చివర మంజూరవుతాయి, టెండర్లు పూర్తయ్యేసరికి కాలువలకు నీళ్లు వదులుతారు. నీటి అడుగున తీసిన పూడికను ఎవరు కొలుస్తారు? 2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి నాగలి పక్కన పెట్టినప్పుడు వాళ్ల డిమాండ్లలో గిట్టుబాటు ధరతోపాటు మురుగునీటి సమస్య కూడా ఉంది. అన్నం పెట్టే నేల మీద నాట్లు వేయబోమని రైతు అన్నాడంటే ఎంత విసిగిపోయాడో ఊహించండి.

ఇంకొక సంగతి. తుఫానులు చెప్పకుండా వచ్చే అతిథులేం కాదు. 1839లో కోరంగి రేవు మీద పడింది నవంబరు 25న. దివిసీమ, నవంబరు. కోనసీమ, నవంబరు. హెలెన్, 2013 నవంబరు. మిచాంగ్ 2023 డిసెంబరు మొదట్లో బాపట్ల దగ్గర. మన సార్వా కోత కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది. 1982లో మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం డెల్టాకు అన్నం పెట్టింది. అది దాదాపు నూటయాభై రోజుల పంట. జూన్ మొదటి వారంలో నీళ్లొస్తే అక్టోబరు చివరికి ధాన్యం ఇంటికి చేరవచ్చు. నీళ్లు జూలైకి జారితే నవంబరు మూడోవారంలో పనలు చేలోనే ఉంటాయి. కొన్నేళ్లు జూన్ 1కే నీళ్లు వదిలి ఈ మార్పు తెద్దామని చూశారు. దిగువన నారుమడి మునిగిపోతుంటే శివారు రైతు ముందుగా ఎలా నాటగలడు? తిరిగి తిరిగి మళ్లీ డ్రెయిను దగ్గరికే వచ్చాం.

పంట పోయింది. పరిహారం సంగతేమిటి? మూడోవంతు, అంటే 33 శాతం పైగా నష్టపోతేనే పెట్టుబడి రాయితీ. ఎవరికి? కాగితం మీద పేరున్నవాడికి. గోదావరి జిల్లాల్లో చేలో దిగి సాగు చేసేవాళ్లలో అత్యధికులు కౌలు రైతులు. కౌలుకు ఇచ్చే మక్తా నోటిమాటగానే నడుస్తుంది. సార్వా పంటలో సింహభాగం మక్తాకే పోతుంది. 2011లో రుణ అర్హత కార్డులన్నారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టమన్నారు. ఆ హక్కు పత్రం రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. అడిగితే వచ్చే ఏడు చేను మరొకరికి ఇస్తారని కౌలుదారు అడగడు. అప్పుచేసి ఎరువు వేసినవాడు, నడుములోతు నీళ్లలో దిగి పనలు గట్టుకు మోసినవాడు ఒకడు, ప్రభుత్వం ఖాతాలో వేసే సొమ్ము అందుకునేవాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న మరొకడు. గాలివానలో చెక్కుచెదరకుండా ప్రాణాలతో ఉన్న ఆ కౌలుదారు ప్రభుత్వ పట్టికలో సురక్షితుడు. రబీ పంట దాళ్వాకు పెట్టుబడి కోసం వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కే రోజున అతన్ని ఎవరూ లెక్కపెట్టరు.

మిగిలిన ధాన్యమైనా అమ్ముకుందామంటే పదిహేడు శాతం తేమ నిబంధన. తడిసిన ధాన్యమూ కొంటామని ప్రతి తుఫానుకూ ప్రకటన వస్తుంది. మొలకెత్తింది, రంగు మారింది అని మిల్లు దగ్గర బస్తాకు కోత పడుతుంది. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి కాపలా కాసే రైతుకు బేరమాడే బలం ఎక్కడిది?

కొబ్బరి బాధ దీనికన్నా దీర్ఘమైనది. 1996 రాత్రి కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. వరి పోతే ఆరు నెలల్లో మరో పంట. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. తోట యజమానికి చెట్టుకింత అని ఏదో ఒకటి అందుతుంది. అంబాజీపేట మార్కెట్ చుట్టూ బతికే దింపు కార్మికుడికి, ఒలుపు కార్మికుడికి, పీచు తిప్పే ఆడకూలికి చెట్టు లేదు, అందుకని నష్టమూ లేనట్టే. చెట్టు మీదే వాళ్ల జీవనం ఉన్నా వాళ్ల నష్టాన్ని రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు.

నగరాల సంగతి చెప్పాలంటే కోరంగి దగ్గర మొదలుపెట్టాలి. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా 1839 తుఫానులో అక్కడ మూడు లక్షల మంది చనిపోయారని, ఇరవై వేల నౌకలు ధ్వంసమయ్యాయని ఉంటుంది. ఆ కాలపు రాజమండ్రి జిల్లా మొత్తం జనాభా ఆరేడు లక్షల మధ్య ఉండి, 1830ల కరువు తర్వాత ఇంకా తగ్గింది. ఒక రేవులో మూడు లక్షలన్నది నమ్మదగిన లెక్క కాదు. ఇలాంటి అంకెలు ఎందుకు ప్రమాదకరమంటే, వాటి పక్కన ఇవాళ్టి ఏ నష్టమైనా చిన్నదిగానే కనపడుతుంది. కోరంగి నిజ చరిత్ర మరింత నేర్పుతుంది. 1789లో ఉప్పెన ఆ ఊరిని ముంచేసింది. తర్వాత ‘సైక్లోన్’ అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ దాని గురించి రాశాడు. ఊరు లేచి నిలబడింది. ఓడలు కట్టింది, బర్మాకు మనుషుల్ని పంపింది. 1839లో రెండో దెబ్బ తగిలింది. ఆపైన ఒండ్రు పూడి రేవు మూసుకుపోయింది, వర్తకం కాకినాడకు జరిగింది. ఆ నగరాన్ని చంపడంలో రెండు రాత్రుల ఉప్పెనతోపాటు, ఆ తర్వాతి ఏళ్లలో ఎవరూ తీయని పూడికకూ వాటా ఉంది.

ఆ వర్తకాన్ని అందిపుచ్చుకున్న కాకినాడ ఇవాళ తాను భద్రమని అనుకుంటోంది. సముద్రానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఉంది, దక్షిణాన కోరంగి మడ అడవి ఉంది. ఈ రెండూ గోదావరి ఒండ్రు పుణ్యమే. ఎగువన ఆనకట్టలు పెరిగాక ఆ ఒండ్రు బాగా తగ్గిపోయింది. 1976 తర్వాతి పాతికేళ్లలో గోదావరి డెల్టా తీరం నికరంగా సుమారు 18 చదరపు కిలోమీటర్లు కోల్పోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. ఉప్పాడలో వీధులకు వీధులే సముద్రంలో కలిశాయి, బీచ్ రోడ్డు ప్రతి తుఫానుకూ తెగుతుంది, మళ్లీ రాళ్లు పోస్తారు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌పై సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ప్రచురించిన పరిశోధనలో, మడ అడవి వెడల్పుగా ఉన్న చోట్ల ఊళ్లలో మరణాలు తక్కువని తేలింది. ఆ తర్వాత పదకొండేళ్లకు, 2020లో, కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడచెట్లు నరికి మట్టి పోశారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇళ్లు కావాలి, సందేహం లేదు. ఉప్పెనను ఆపే అడవిని కొట్టి అదే చోట పేదవాడిని కూర్చోబెడితే అతనికి ఇచ్చింది ఇల్లా, ముప్పా?

ఈ వాదన విని కొందరు, వాతావరణమే మారిపోయింది, ప్రకృతితో ఎవరు పోరాడగలరు అంటారు. బంగాళాఖాతం వేడెక్కుతోందన్నది నిజం. వానలు మరింత కుండపోతగా పడతాయన్నదీ నిజం. అయితే గుర్రపుడెక్కను పెంచింది వాతావరణ మార్పు కాదు. గేటుకు గ్రీజు పెట్టనిది, కౌలుదారు పేరు రాయనిది, మడచెట్టు మీద యంత్రం నడిపించింది కూడా అది కాదు. ముప్పు పెరుగుతోందని తెలిసినప్పుడు చేయవలసిన పని మరింత ముందుగా చేయాలి. ముప్పునే సాకుగా చూపడం బాధ్యత నుంచి తప్పుకోవడమే.

కాబట్టి వచ్చే తుఫాను మర్నాడు అధికారులు ప్రాణనష్టం లేదని చెప్పినప్పుడు సంతోషిద్దాం, ఆ వెంటనే మరికొన్ని లెక్కలు అడుగుదాం. చేలల్లో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి? పరిహారం జాబితాలో కౌలుదారులు ఎందరు? వేట ఆగిన రోజులకు మత్స్యకారుడికి ఎంత అందింది? ఒలుపు కార్మికుడికి ఎంత? ఈ అంకెలు మండలాల వారీగా పంచాయతీ గోడ మీద రాయమని పట్టుబడదాం. కాలువలకు నీళ్లు కట్టేసేది ఏప్రిల్లో, నీళ్లు వదిలేది జూన్లో. డ్రెయిన్ల పని జరగడానికి, మన కళ్ల ముందు కొలత వేయించడానికి ఉన్నవి ఆ రెండు నెలలే. ఈసారి వేసవిలో నీటి సంఘం వాళ్లను, ఎమ్మెల్యేను వెంటబెట్టుకుని మీ ఊరి మురుగు కాలువ గట్టు మీద మొగ దాకా నడవండి.